ఇంకెవరితో వెళ్తాను

గొంతు దగ్గర జాన్ బాబు పొరపడడు. తెరమీద మనుషులకు గొంతు అరువిచ్చి ఫిల్మ్‌నగర్‌లో బతికిన మనిషి. అందుకే కిందటి వారం డబ్బింగ్ థియేటర్ తలుపు తోసుకొచ్చిన కొత్త స్పానిష్ టీచరు "నమస్తే సర్, నా పేరు ప్రణతి" అనగానే అతని చేతిలో మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ అమ్మాయిని అతనెప్పుడూ చూడలేదు. ఆ గొంతు మాత్రం రోజూ వింటున్నాడు. పోయిన ఈస్టరు పండగ దాటాక కన్నుమూసిన భార్య జెరూష ఫోనులో ఆన్‌లైన్‌లో నేర్చుకున్నప్పుడు రికార్డు చేసిన కొన్ని స్పానిష్ పాఠాలు మిగిలాయి. వాటిలో ప్రశ్నలడిగే గొంతు ప్రణతిది. జవాబులు చెప్పేది జెరూష.

ఆ పాఠాలన్నీ కొండలకు నడిచి వెళ్ళడం గురించే. నీళ్ళు పట్టుకెళ్ళాలి, ఎండకు టోపీ పెట్టుకోవాలి, బాట ఎటు, ఇంకా చాలా దూరమా. జాన్ బాబుకు స్పానిష్ రాదు. మధురానగర్ ఫ్లాటులో సాయంత్రం కుక్కరు పెట్టి, కూత వచ్చేలోగా ఆ ఫోను పెట్టుకుని వింటాడు. వింటూ ఆమెతో పాటు అంటాడు. "అదోందె వాస్?" అంటుంది టీచరు. ఎక్కడికి వెళ్తున్నావు అని. "వోయ్ అల్ మోంతె" అంటుంది జెరూష. కొండకి వెళ్తున్నాను అని. పోగా పోగా ఆమె ఎక్కడ ఊపిరి పీలుస్తుందో, ఎక్కడ నవ్వు ఆపుకుంటుందో కూడా అతని నోటికి వచ్చేసింది. ఆ నాలుగు ముక్కలు వచ్చునని తెలిసే ఇప్పుడు డబ్బింగ్ జరుగుతున్న సినిమాలో ఒక ముసలాయన వేషానికి గొంతు ఇవ్వడానికి అతన్ని పిలిచారు.

ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. పనిచేసే ఎల్లమ్మ వస్తుంది, పోతుంది. కొడుకు లియో ఇల్లు వదిలి చాలా కాలమైంది. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం మానేసి, జనాన్ని కొండలకు నడిపించుకెళ్ళే పని పెట్టుకున్నాడు. "నడవడానికి కూడా మనిషిని పెట్టుకోవాలా?" అని తండ్రి నవ్వాడు. ఆ నవ్వు దగ్గర మొదలైంది, ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు అనేదాకా పోయింది. జెరూష ఎత్తలేదు. ఆమెను మట్టి చేసిన రోజు లియో సమాధుల తోట గేటు దగ్గరే నిలబడి, ఆఖరున వచ్చి పిడికెడు మన్ను వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఇంటి కథ అక్కడుంది. ఆ రోజు ప్రణతి తలుపు దగ్గర ఉంది. జాన్ బాబు గ్లాసు కింద పెట్టాడు.

"మీ గొంతు నాకు తెలుసమ్మా" అన్నాడు.

"నాకూ తెలుసు సర్. పాఠం మధ్యలో మీరు దగ్గేవారు" అంది.

ఇంకేమీ అనుకోలేదు ఇద్దరూ. గాజు పలక అవతల మనుషులున్నారు. పనుంది.

వారం తిరిగింది. ఇవాళ చెప్పాల్సిన సీను చిన్నది. ముసలాయన స్పెయిన్‌లో ఒక కొండ ఊళ్ళో బస్సు దిగుతాడు. వీపున సంచి, చేతిలో కర్ర. రొట్టెల కొట్టులో పెద్దావిడ ఎక్కడికని అడుగుతుంది. కొండకంటాడు. ఎవరితో అంటుంది. దానికొక జవాబు చెప్పి రొట్టె సంచిలో పెట్టుకుని బయటికొస్తాడు. అంతే. ఆ వేషం కట్టిన నటుడు పక్క రాష్ట్రం మనిషి. షూటింగులో మాటలు ఆయనే అన్నాడు కానీ, కొండగాలికి సగం మాటలు ఎగిరిపోయాయి. చివరి మాట అసలే వినపడదు. పెదవులు మాత్రం కనిపిస్తాయి.

సౌండు ఇంజినీరు తిరుమలేశ్ గాజు అవతలి నుంచి చెయ్యెత్తాడు. "సార్, మైక్‌కు జర దగ్గరికి రాండ్రి. ఆ, గట్ల. పోదామా?"

తెర వెలిగింది. ఆవిడ అడిగింది. కోన్ కియెన్ వాస్? ఎవరితో వెళ్తున్నావని.

"వోయ్ సోలా" అన్నాడు జాన్ బాబు.

పాఠంలోనూ ఈ ప్రశ్నకు జెరూష జవాబు అదే. ఆ మాట అనేటప్పుడు అతనికి ఎప్పుడూ గొంతులో ఒక వెచ్చదనం వస్తుంది. దాన్ని అతను ఆపుకోలేదు. సీనుకు బాగుంటుందనుకున్నాడు.

"సార్, ఒక్క నిమిషం" అన్నాడు తిరుమలేశ్. "ఆఖర్ల లిప్ కూసుంటలేదు."

"ముందొచ్చిందా?"

"టైముకే వచ్చింది సార్. ఆయన మూతి ముడుస్తుండు. మీరు నోరు తెరుస్తున్రు."

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే. మూడోసారికి తిరుమలేశ్ బొమ్మను ఆపి, ముసలాయన మొహాన్ని తెరంతా నింపాడు. పెదవులు గుండ్రంగా ఉన్నాయి. వేడి టీ ఊదుకుంటున్నట్టు ఉన్నాయి.

"సూడుండ్రి సార్. ఆయనేమో సీటీ కొట్టేటోని లెక్క పెట్టిండు. మీరేమో డాక్టర్‌కు గొంతు సూపిచ్చినట్టు పెడుతున్రు. ఎట్ల కలుస్తది?"

నవ్వించాలనే అన్నాడు. జాన్ బాబు కూడా కొంచెం నవ్వాడు. తిరుమలేశ్ పక్కన కూర్చున్న అసోసియేట్ డైరెక్టర్ సాయిశ్రీనివాస్ మాత్రం గడియారం చూసుకున్నాడు.

"బాబు గారూ, ఫీల్ సూపరండీ. ఆ ఫీల్ పోనీకండి. లిప్ ఒక్కటే ఇష్యూ. రేపు మిక్సింగ్ పెట్టుకున్నాం మరి. ప్రణతి గారూ, ఒకసారి లోపలికెళ్ళి చూస్తారా?"

ప్రణతి వెంటనే లేవలేదు. కిందటి వారం నుంచీ ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి మానుకుంటున్నట్టే ఉంది. దుప్పట్టా సర్దుకుని, లేచి, డబ్బింగ్ బూత్ తలుపు మెల్లగా తీసి లోపలికి వచ్చింది. వచ్చి తలుపు వేసింది. బూత్‌లో తలుపు పడితే బయటి లోకం పోతుంది. మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది.

"సర్, మీరు లా అంటున్నారు. లో అనాలి."

"నేను విన్నది లా నే."

"మీరు విన్నది కరెక్టేనండీ. ఆడవాళ్ళు చెప్తే లా. మగవాళ్ళు చెప్తే లో. ఆ భాషలో అంతే."

జాన్ బాబు తలాడించాడు. అక్షరం గుణింతం మార్చి పెదవులతో చప్పుడు లేకుండా అని చూసుకున్నాడు. మూతి ముడుచుకుంది. కలుస్తుంది.

"ఓహో. అయితే మగవాడు లో అంటే, మా ఆవిడతో అని వస్తుందన్నమాట."

ప్రణతి అతని వైపు చూసింది. "మా ఆవిడతోనా?"

"సోలా అంటే మావారితో అనే కదా?"

ఆ అమ్మాయి మైకు మీద నల్ల తొడుగుకున్న దుమ్మును వేలితో తీస్తూ నిలబడింది.

"అలాగని ఎవరు చెప్పారండీ మీకు?" అంది చివరికి.

"తనే చెప్పింది."

గాజు అవతల తిరుమలేశ్ తల పైకెత్తాడు. మైకు తెరిచే ఉంది. లోపలి మాటలన్నీ అతని చెవుల్లో పడుతున్నాయి. అతను ఇద్దరి మొహాలూ చూసి, హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టేశాడు. సాయిశ్రీనివాస్‌ను టీకి తీసుకుపోయాడు.

ప్రణతికి అక్కడ ఒక దారి ఉంది. అవునండీ, మా ఆవిడతో అనే అర్థం అనేసి బయటికి రావచ్చు. లో అని చెప్పించుకుని పని ముగించుకోవచ్చు. జాన్ బాబుకు ఆ మొహంలో ఆ ఆలోచన వచ్చి పోవడం కనిపించింది. మొహాలు చూసి గొంతు కలిపే పని అతనిది.

"చెప్పమ్మా. పరవాలేదు."

"మనకీ ఆ తేడా ఉంది కదా సర్ ఆ మాటకి. మగవాళ్ళు ఒక్కణ్ణే అంటారు. ఆడవాళ్ళు ఒక్కదాన్నే అంటారు."

"వోయ్ సోలా" అన్నాడు జాన్ బాబు నెమ్మదిగా.

"ఒక్కదాన్నే వెళ్తున్నాను."

బూత్‌లో ఏసీ నడుస్తున్న చప్పుడు కూడా లేదు. రికార్డింగు వేళ దాన్ని ఆపేస్తారు.

"అందుకే లిప్ కలవలేదు" అన్నాడు జాన్ బాబు. హెడ్‌ఫోన్ తీసి కొక్కేనికి తగిలించి బయటికొచ్చాడు.

థియేటర్ వెనక మెట్లున్నాయి. మెట్ల కింద నుంచి నేల పల్లానికి జారుతుంది. ఇళ్ళకోసం పగలగొట్టగా మిగిలిన బండలు గోడల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. ఒక బండ నెర్రెలో సీతాఫలం మొక్క లేచింది. దానికెవరూ నీళ్ళు పోసి ఉండరు. జూబ్లీ హిల్స్ అని పేరులోనే కొండలున్నా, ఇక్కడ తిరిగేవాళ్ళకు కొండ ఎక్కుతున్నామని తెలియదు. కారు ఎక్కుతుంది, డ్రైవరు ఎక్కిస్తాడు. ఈ ఎత్తు తెలిసేది నడిచేవాళ్ళ మోకాళ్ళకే.

రేపల్లె దగ్గర జాన్ బాబు పుట్టిన ఊళ్ళో అసలు కొండ లేదు. ఉన్న ఊళ్ళల్లోనైనా కొండ ఎక్కాలంటే మొక్కు ఉండాలి, లేదంటే మేక తప్పిపోయి ఉండాలి. ఊరికే ఎక్కడానికి మాట కూడా లేదు. స్పెయిన్‌లో కొండబాట నడవాలని జెరూష స్పానిష్ మొదలుపెట్టిన కొత్తల్లో అదే అన్నాడు. ఆమె నవ్వి, "వాళ్ళకుంది, సెందెరీస్మో. సెందేరో అంటే కాలిబాట. బాట పట్టుకుని పోవడమే ఒక పని వాళ్ళకి" అంది.

మెట్టుమీద కూర్చుని అతను ఆ సాయంత్రాన్ని మళ్ళీ మొదటినుంచీ చూసుకున్నాడు.

ఆమె వంటింట్లో దోసెలు పోస్తోంది. ఫోను పప్పుడబ్బాకు ఆనించి ఉంది. పాఠం తిరుగుతోంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమడుగుతోంది ఆ అమ్మాయి?"

"ఎవరితో వెళ్తున్నావని."

"నువ్వేమన్నావు?"

ఆమె దోసె తిరగేసింది. అతని వైపు చూడలేదు. నవ్వింది.

"ఇంకెవరితో వెళ్తానండీ."

అంతే మాట. అది విని అతను హాల్లోకి వచ్చి, లోపల ఏదో దీపం పెట్టినట్టయి, టీవీ పెట్టుకోకుండా కూర్చున్నాడు. మర్నాడు "అక్కడ చలి ఉంటుందా?" అని అడిగాడు. ఉంటుందంది. కోఠీ వెళ్ళి రెండు మంకీ క్యాప్‌లు కొనుక్కొచ్చాడు. ఒకటి బూడిద రంగు, ఒకటి ముదురెరుపు. ఆమె వాటిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "బాగున్నాయండీ" అని బీరువాలో పెట్టింది. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ధర చీటీలు కూడా ఊడకుండా.

బాగున్నాయంది. 'మనకి' అందా? లేదు. మనకి అనలేదు.

పొద్దున్నే సంచిలో నీళ్ళ సీసాలు వేసుకుని, కొత్త బూట్లు కట్టుకుని ఆమె నడకకు పోయేది. ఎత్తు అలవాటు కావాలని మెట్రోలో జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాకా వచ్చి, ఫిల్మ్‌నగర్ దారి పట్టుకుని పైకెక్కేది. నేనూ రానా అని ఒకరోజు అతనంటే, "మీ మోకాళ్ళకి ఎందుకు లెండి" అంది. తన మోకాళ్ళమీద ఆమెకున్న దయ అనుకున్నాడు. ఆమె పోయాక చీరలు చర్చికిద్దామని తీసినప్పుడు మంచం కింద ఆ బూట్ల పెట్టె కనిపించింది. లోపల బూట్లు లేవు. ఎల్లమ్మను అడిగితే, "నాకెందుకయ్యా గవి, నా కాళ్ళకు పట్టనే పట్టయి" అంది. ఆ సంగతి అక్కడే వదిలేశాడు.

ఇన్నాళ్ళూ కుక్కరు కూత కోసం కూర్చుని అతను ఆమెతో పాటు అన్నమాట ఏమిటి? మావారితో వెళ్తున్నాను అని అనుకుంటూ, ఒక్కదాన్నే వెళ్తున్నాను అన్నాడు. రోజూ అన్నాడు. ఆమె గొంతులో నవ్వు ఎక్కడొస్తుందో అక్కడే నవ్వుతూ అన్నాడు.

ఆ మాటకు ముందు రికార్డింగులో ఒక చప్పుడు ఉంటుంది. గడియ తీసిన చప్పుడు, తర్వాత చెప్పుల చప్పుడు. అవి అతని చెప్పులే. మందుల షాపు నుంచి వచ్చినప్పటివి. ఆమె పాఠంలో తనూ ఒక మూల ఉన్నానని అతనికి ఆ చప్పుడంటే ఇష్టం. ఇప్పుడది కూడా వేరుగా వినిపిస్తోంది. మనిషి ఇంట్లోకి వచ్చాడు. ఆవిడ, ఒక్కదాన్నే వెళ్తున్నాను అంది.

తిరుమలేశ్ టీ కప్పు తెచ్చి మెట్టుమీద పెట్టాడు. తానూ రెండు మెట్లు కింద కూర్చున్నాడు.

"షుగర్ తక్కువేపిచ్చిన సార్. ఇయ్యాల వద్దంటే చెప్పుండ్రి, మిషన్ ఖరాబైందని జెప్త. మా సారు గా మిషన్ ముంగట ఏం మాట్లాడడు."

"నీ మిషన్‌కెందుకయ్యా చెడ్డపేరు. పద, చేద్దాం."

"ఫికర్ లేదు సార్, టీ తాగినంకనే."

టీ తాగాడు. బూత్‌లోకి వెళ్ళాడు. ప్రణతి గాజు అవతల, సాయిశ్రీనివాస్ వెనక, నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

తెర వెలిగింది. ముసలాయన బస్సు దిగాడు. అదోందె వాస్? వోయ్ అల్ మోంతె. ఇది బాగానే వచ్చింది. ఇది ఆడా మగా ఎవరైనా ఒకేలా అనే మాట.

కోన్ కియెన్ వాస్?

"వోయ్..." అని ఆగిపోయాడు. నాలుక అలవాటుగా లా వైపు పోయింది. పట్టుకున్నాడు. తెరమీద ముసలాయన చెప్పేసి రొట్టె అందుకున్నాడు.

"మల్ల పోదాం సార్. ఆరాంగ" అన్నాడు తిరుమలేశ్.

రెండోసారి లో అన్నాడు. మూతి కలిసింది. కానీ పరాయి మాటలా పడింది, కొత్త చెప్పులు నేలమీద పడ్డట్టు.

"లిప్ ఓకే అండీ. కానీ ఇందాకటి ఫీల్ రాలేదు" అన్నాడు సాయిశ్రీనివాస్. "ఇందాక ఏం ఆలోచించుకుని చెప్పారో అదే ఆలోచించుకోండి బాబు గారూ. హ్యాపీగా ఉండె కదా."

జాన్ బాబు హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. ఇందాకటిది ఆలోచించుకోవడానికి ఇప్పుడది లేదు. తెరమీద మనిషిని చూశాడు. ముసలాయన సంచికి రెండు పక్కలా రెండు నీళ్ళ సీసాలున్నాయి. షూటింగువాళ్ళు బరువు కోసం పెట్టి ఉంటారు. ఒక్క మనిషికి రెండు సీసాలు. ఇన్నిసార్లు చూసినా అది అతని కంటికి ఇప్పుడే ఆనింది.

ఆవిడ అడిగింది.

"వోయ్ సోలో" అన్నాడు.

గొంతు పెంచలేదు, దించలేదు. ఎవరో దారిన పోతూ ఎటండీ అంటే చెప్పినట్టు చెప్పాడు. చెప్పి, ఆ చివరి ఓత్వం దగ్గర పెదవులు అలాగే ఉంచి, గాలి అయిపోయేదాకా ఆగాడు. ఇన్నాళ్ళూ ఆ మాట జెరూషది. గుణింతం మారేసరికి అతనిదైంది. దాన్ని అనడానికి అతనికి స్పానిష్ అక్కర్లేకపోయింది.

గాజు అవతల తిరుమలేశ్ మీట నొక్కాడు.

"కూసుంది సార్."

సాయిశ్రీనివాస్ బొటనవేలు చూపించి ఫోను తీసుకుని బయటికి పోయాడు.

మధ్యాహ్నం ఎండ తగ్గుముఖం పట్టింది. జాన్ బాబు చేతిసంచి తగిలించుకుని ఫిల్మ్‌నగర్ వాలు దిగుతున్నాడు. కార్లు ఎదురొస్తున్నాయి, పక్కనుంచి పోతున్నాయి. నడిచే మనిషి అతనొక్కడే. వెనకనుంచి అడుగుల చప్పుడు వినపడింది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది. థియేటర్లో ఆ అమ్మాయి నడక కూడా విన్నాడు.

"సర్, కారు పంపిస్తామన్నారు కదా?"

"దిగడానికి కారెందుకమ్మా."

పక్కన నడిచింది. ఒక గేటు దాటారు. ఇంకో గేటు దాటారు. లోపల కుక్క మొరిగి మానేసింది.

"మీరు డబ్బింగ్ చెప్తున్నారని తెలిసే ఈ పని ఒప్పుకున్నాను సర్. ఒక మాట చెప్పాలని. కిందటి వారం నుంచీ నోరు రావట్లేదు."

"చెప్పేశావు కదా."

"అది కాదండీ." ఆగింది. "ఆ రికార్డింగు వింటుంటారు కదా. అందులో ఎవరితో అని నేను అడిగాక, ఆవిడ జవాబుకి ముందు తలుపు చప్పుడు ఉంటుంది."

"నేనే వచ్చాను."

"ఆ చప్పుడుకి ముందొక అతుకుంది, వెనకొకటి. మీరు గమనించారో లేదో."

జాన్ బాబు నడక నెమ్మదించాడు. గమనించాడు. ఆ రెండు చోట్లా గాలి తెగి మళ్ళీ కలుస్తుంది. మాట కోసి అతికిస్తే అలా ఉంటుంది. అది అతని చెవికి తెలియకపోవడం ఉండదు. నెట్ సరిగా లేక అలా అయిందనుకున్నాడు. అనుకోవాలనుకున్నాడు.

"కోసింది నేనే సర్. ఆవిడ ముందు వేరే జవాబు చెప్పారు. చాలా సంతోషంగా చెప్పారు. అప్పుడే తలుపు చప్పుడైంది. ఆవిడ గొంతు తగ్గించి, 'అది తీసెయ్యమ్మా, ఆయన వింటారు' అన్నారు. ఇంకేం చెప్తారు మరి అని అడిగాను. కాసేపాగి సోలా అన్నారు. అబద్ధం చెప్పాల్సి వచ్చిందని తనే నవ్వేశారు. మీకు వినపడే నవ్వు అదే."

బంజారాహిల్స్ వైపు పోయే బస్సు ఒకటి వెళ్ళింది. అది వెళ్ళేదాకా జాన్ బాబు ఆగాడు.

"ముందు ఏమంది?"

"వోయ్ కోన్ లియో."

కోన్ కియెన్ అంటే ఎవరితో. కోన్ అంటే తోడు. ఆ మాత్రం అతనికి వచ్చు. తర్వాతి మాటకు ఏ భాషా అక్కర్లేదు.

అతను రోడ్డు పక్కన బండరాయి మీద చెయ్యి పెట్టాడు. రాయి ఇంకా వేడిగా ఉంది.

"నన్ను ఆవిడకి పరిచయం చేసింది లియోనే సర్" అంది ప్రణతి. "తనతో కొండలకి వెళ్ళేవాళ్ళలో నేనూ ఉన్నాను. 'మా అమ్మకి నాలుగు ముక్కలు నేర్పు, దారి అడగడం వస్తే చాలు' అన్నాడు. ఇక్కడే, ఈ వాలులోనే పొద్దున్నే ఇద్దరూ కలిసి ఎక్కేవాళ్ళు. ఆవిడకి ఆయాసం వస్తే ఇదిగో, ఇలాంటి రాయి దగ్గరే ఆగేవాళ్ళు."

ఇంకెవరితో వెళ్తానండీ, అంది జెరూష దోసె తిరగేస్తూ. అబద్ధం కాదు. అతనే సరిగా వినలేదు. గొంతు దగ్గర పొరపడని మనిషి మాట దగ్గర పొరపడ్డాడు.

"ఆ బూట్లు" అన్నాడు.

"లియో దగ్గరున్నాయి. ఇంట్లో ఉంటే మీరు పారేస్తారేమోనని ఆవిడే ఇచ్చారు, ఒంట్లో బాగోలేక నడక మానేసినప్పుడు. వచ్చే నెల వెళ్తున్నాడు సర్ అక్కడికి. ఆ బూట్లు సంచిలో పెట్టుకుని ఆ బాటంతా నడుస్తాడట. ఒక్కడే."

జాన్ బాబు ఏదో అనబోయాడు. ప్రణతి చేతిలో ఫోను మోగింది. ఆ అమ్మాయి తెర చూసి, చూడనట్టు బోర్లించింది. ఆ లోపే అతను పేరు చదివేశాడు. తెలుగులోనే రాసుకుంది. రెండక్షరాలు.

మోగుతూనే ఉంది.

"ఎత్తమ్మా" అన్నాడు.

ప్రణతి స్పీకరు నొక్కి ఎత్తింది.

"ప్రణతీ, డబ్బింగ్ అయిందా? ఎలా చెప్పారు?"

ఆ గొంతు విని జాన్ బాబు రాయి మీదనుంచి చెయ్యి తీసేశాడు. లోపల కొంచెం బొంగురు, చివర్లో కొంచెం విరుపు. ఇదే వాలు ఎక్కి, ఆఫీసు ఆఫీసుకీ తిరిగి, ఒక్క మాట చెప్పనివ్వండి సార్ అని అడుక్కున్న రోజుల్లో తనకున్న గొంతు. సినిమాల్లో వాడి వాడి ఎప్పుడో అరిగిపోయిందనుకున్నది. ఎక్కడికీ పోలేదు. కొండల్లో తిరుగుతోంది.

"ప్రణతీ? వినపడుతోందా? బళ్ళ చప్పుడు వస్తోంది. రోడ్డుమీద ఉన్నావా? ఎవరితో ఉన్నావు?"

ప్రణతి ఫోను అరచేతిలో పెట్టి జాన్ బాబు వైపు చాపింది.

అతను దాన్ని అందుకోలేదు. వంగలేదు. మైకు ముందు నిలబడ్డప్పుడు చేసే అలవాటుకొద్దీ ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు.

చిన్న చప్పుడే. అటువైపు వినపడింది.

"నాన్నా?" అన్నాడు లియో.